ఆగిపోయే హక్కు

బాక్సింగు రింగులోకి తిండి ఎక్కువై వచ్చినవాళ్లు తక్కువ. ఆకలి తరిమితే వచ్చినవాళ్లే ఎక్కువ. జో లూయీ అలబామాలో పత్తిచేలు పాలికి చేసుకునే ఇంట్లో పుట్టాడు. సోనీ లిస్టన్ ఆర్కన్సాలో అలాంటి ఇంట్లోనే, కోడిపిల్లల్లా మూగిన పిల్లల మధ్య పుట్టాడు. జో ఫ్రేజియర్‌ది దక్షిణ కరోలినా పల్లె. జార్జి ఫోర్‌మన్‌ది హ్యూస్టన్ నగరంలో ఫిఫ్త్ వార్డ్ అనే నల్లవాడ. మైక్ టైసన్‌ది న్యూయార్కులో బ్రౌన్స్‌విల్. ఫిలిప్పీన్స్‌లో మానీ పకియావ్ వీధుల్లో రొట్టెలమ్మి తిన్న పిల్లాడు. దేశాలు వేరు, భాషలు వేరు. ఇల్లు మాత్రం ఒకటే ఇల్లు. వాన పడితే ఏ మూల కురుస్తుందో ముందే తెలిసిన ఇల్లు.

ఇట్లాంటి ఇళ్లనుంచి వచ్చినవాళ్ల గురించి లోకం రెండు కతలే చెప్పుకుంటుంది. ఒకటి పైకొచ్చిన కత. రెండోది తిరిగొచ్చిన కత. ఈ రెండో దానికి ‘కంబ్యాక్’ అని పేరు. గ్లవ్స్ కొక్కేనికి తగిలించి ఇంటికి పోయినవాడు మళ్లీ వచ్చి రింగెక్కుతాడు. కోట్ల డాలర్లు చేతులు మారతాయి. పేపర్లు సింహం లేచిందంటాయి. నేను మాట్లాడదలిచింది ఈ సింహం గురించే. ఒకసారి ఆగినవాడు మళ్లీ ఎందుకు ఎక్కుతాడు? ఎవరు ఎక్కిస్తారు? ‘వాడి ఇష్టం, వాడి ఒళ్లు’ అని మనం చేతులు దులుపుకోవచ్చునా? ఇది ఆటల పేజీలో తేలే ప్రశ్న కాదు. ఒళ్లు తప్ప వేరే ఆస్తి లేనివాళ్ల ప్రశ్న. అంటే మన ప్రశ్న.

‘అమెరికా బాక్సర్లతో నీకేం పనిరా’ అని అడిగినవాళ్లు ఉన్నారు. పనుంది. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ ప్రతి తనకు కావాలన్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు బ్లాక్ పాంథర్స్ పేరు చూసి తమకు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తొవ్వ మన పెద్దలు వేసిందే. నేను దాంట్లో నడిచాను.

1980 మొదట్లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. అక్కడ జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అప్పుడు నేను గుంటూరు జిల్లాలో ఒక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. హాస్టలుకి పేపరు వార్డెను చదివాక, పప్పు పొట్లాం కట్టకముందు మా చేతికొచ్చేది. టెంత్ చదివే ఒక అన్న అలీ బొమ్మ కత్తిరించి అన్నం మెతుకులతో తన రేకుపెట్టె మూత లోపల అంటించుకున్నాడు.

‘ఎవరన్నా ఇతను?’ అన్నాను.

‘మనోడేరా’ అన్నాడు.

‘ఏ ఊరు?’

‘అమెరికా.’

‘అక్కడ గూడా పల్లెలున్నయ్యా?’

‘ఉన్నయ్యంట’ అన్నాడు.

మాకు పల్లె అంటే ఊరికి అవతల ఉన్నది. ఆ మాట ఆ అన్న ఏ పుస్తకంలోనూ చదివి చెప్పలేదు. బొమ్మ చూసి చెప్పాడు.

తర్వాత్తర్వాత తెలిసింది, అలీని అలీ చేసింది పిడికిలి ఒక్కటే కాదని. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే చోట అతని పేరు పిలిచారు. అడుగు ముందుకెయ్యలేదు. వియత్నాం పోయి నాకేమీ చెయ్యనివాళ్లని చంపనన్నాడు. టైటిల్ పీకేశారు. లైసెన్సు పీకేశారు. అయిదేళ్ల జైలుశిక్ష వేశారు. అప్పీలు మీద బయట ఉండి, మూడున్నరేళ్లు ఒక్క పోటీ లేకుండా గడిపాడు. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది, బాక్సర్ ఒంట్లో బంగారం పండే వయసంతా అట్లా పోయింది. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కొట్టడమే బతుకుతెరువైనవాడు ‘కొట్టను’ అన్నాడు చూడండి, దానికి నేను పడిపోయాను. ఇదే మనిషి పదమూడేళ్ల తర్వాత 1980లో ‘ఇక చాలు’ అనలేకపోయాడు. రాజ్యానికి లేదన్న నోరు బజారుకి లేదనలేకపోయింది. ఈ ముడి విప్పుకోవాలంటే ముందు వెనక్కి వెళ్లాలి.

బాక్సింగులో పేరుమోసిన మొదటి కంబ్యాక్ ఆకలి కోసం జరగలేదు. రంగు కోసం జరిగింది. 1908 డిసెంబరు 26న సిడ్నీలో జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ని ఓడించి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ గద్దె మీద నల్లవాడు కూర్చోవడం అదే మొదలు. తెల్ల అమెరికాకి అన్నం సయించలేదు. జేమ్స్ జెఫ్రీస్ అనే పాత ఛాంపియన్ 1905లోనే ఓటమి లేకుండా విరమించి కాలిఫోర్నియాలో పొలం చేసుకుంటున్నాడు. ఒళ్లు విపరీతంగా పెరిగింది. అతన్ని పట్టుకొచ్చారు. తెల్లజాతి పరువు నీ చేతిలో ఉందన్నారు. అతనూ ఆ మాటే అని బయల్దేరాడు. టెక్స్ రికార్డ్ అనే ప్రమోటర్ లక్షా వెయ్యి డాలర్ల సొమ్ము పెట్టాడు. 1910 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, నెవాడాలో రీనో ఊళ్లో పోటీ జరిగింది. పదిహేనో రౌండులో జెఫ్రీస్ కూలాడు.

ఆ రాత్రి జాన్సన్‌కి ఏమీ కాలేదు. అమెరికాలో ఊరూరా వీధుల్లో ఉన్న నల్లవాళ్లకి అయింది. గెలిచామని నవ్వినవాణ్ణి కొట్టారు. అరిచినవాణ్ణి పొడిచారు. చాలామంది చచ్చిపోయారు, ఎక్కువమంది నల్లవాళ్లే. ఆ పోటీ సినిమా అనేక నగరాల్లో నిషేధించారు. 1912లో బాక్సింగు ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోకూడదని చట్టమే చేశారు. 1913లో జాన్సన్ తెల్లపిల్లతో తిరిగినందుకు వేరే చట్టం కింద శిక్ష వేశారు. ఆ మచ్చ తుడుస్తూ క్షమాభిక్ష వచ్చింది 2018లో. అప్పటికి అతను చచ్చిపోయి డెబ్బై రెండేళ్లు.

మనకి ఇది వింతగా ఉండదు. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మురికి చెయ్యొద్దన్నందుకు, ఒక ఆడకూతురు బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు ఏం జరిగిందో తెలుసు. 1991లో చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ ఎక్కడిదాకా పోయిందో తెలుసు. ఒకడు తలెత్తితే అందరికీ శిక్ష. ఒకడు గెలిస్తే అందరి మీదా దాడి. అప్పుడు అందరూ ఏం చేస్తారు? ఆ ఒక్కడి మీదే బరువంతా పెడతారు. మా అందరి బదులూ నువ్వే కొట్టు అంటారు. దెబ్బలు తిన్న జాతికి ఒక పిడికిలి కావాలి. కావాల్సిందే. అది తప్పనే హక్కు ఎవరికీ లేదు. కానీ పిడికిలికి ఒక మనిషి ఉంటాడు.

జో లూయీ ఆ మనిషి. జాన్సన్ మీద ఉన్న కోపం లూయీ మీదికి రాకుండా అతని మేనేజర్లు కట్టడి చేశారు. పడినవాణ్ణి చూసి నవ్వకూడదు, తెల్ల ఆడవాళ్ల పక్కన ఫొటో దిగకూడదు. 1936లో జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ చేతిలో ఓడాడు. 1938 జూన్ 22న న్యూయార్కు యాంకీ స్టేడియంలో అదే ష్మెలింగ్‌ని మొదటి రౌండు లోపలే, 124 సెకన్లలో పడగొట్టాడు. హిట్లర్ జాతి గొప్ప కొట్టుకుపోయిందని అమెరికా అంతా ఎగిరింది. ఆ రెండు నిమిషాలకి మాత్రం నల్లవాడు అమెరికా వాడు. 1942లో రెండు పోటీల్లో వచ్చిన సొమ్ము నౌకాదళం, సైన్యం సహాయనిధులకి ఇచ్చేశాడు. ఆ ఏడే సైన్యంలో చేరాడు. ఆ సైన్యంలో నల్లవాళ్లది వేరే పంక్తి. అక్కడ కూడా వేరే గ్లాసే.

1949లో లూయీ ఛాంపియన్‌గానే విరమించాడు. ఇరవై అయిదుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడు. కత ఇక్కడ అయిపోవాలి. అవలేదు. లక్షల డాలర్ల పన్ను బాకీ మెడకి చుట్టుకుంది. దేశానికి ఇచ్చిన డబ్బు దేశం లెక్కలోకి రాలేదు. 1950లో మళ్లీ ఎక్కాడు. ఎజార్డ్ చార్లెస్ చేతిలో ఓడాడు. 1951 అక్టోబరు 26న, ముప్పై ఏడేళ్ల వయసులో, రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో అతన్ని తాళ్ల సందులోంచి బయటికి పడేశాడు. మార్సియానోకి లూయీ అంటే ఆరాధన. గెలిచి బాధపడ్డాడు. తర్వాత లూయీ కుస్తీ తమాషాలు ఆడాడు. చివరికి లాస్ వేగాస్‌లో ఒక జూదశాల గుమ్మంలో వచ్చినవాళ్లకి చెయ్యి కలిపే పనికి కుదిరాడు. 1981లో పోయాడు. అప్పుడు దేశం సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్‌లో పాతిపెట్టింది. బతికుండగా బాకీ, చచ్చాక బాకా.

లూయీ గురించి చదివినప్పుడల్లా నాకు మా అయ్య గుర్తొస్తాడు. పోలిక పెద్దదనుకోవద్దు. చిన్నదీ కాదు.

మా అయ్య రైసుమిల్లులో ముఠా కూలి. బియ్యం బస్తా క్వింటాలు. వీపు మీద పెట్టుకుని చెక్క ఎక్కి లారీలో వెయ్యాలి. బస్తాకింత అని కూలి. ఆ కూలిలో మేస్త్రి వాటా మేస్త్రిది. మోసీ మోసీ మెడ వెనక కాయ కాసింది. చిన్నప్పుడు ఎత్తుకుంటే ఆ కాయ పట్టుకుని వేలాడేవాణ్ణి. అయ్యకి యాభై దాటాక నడుం పట్టేసింది. పని మానేసి ఒక గేదెని తోలుకుని పొలాల గట్లమ్మట తిరిగేవాడు. నాలుగేళ్లు అట్లా గడిచాయి. నేను యూనివర్సిటీలో చేరిన సంవత్సరమే చెల్లి పెళ్లి కుదిరింది. ఒకరోజు పొద్దున్నే అయ్య తలగుడ్డ దులిపాడు.

‘మిల్లుకి పోతన్నా’ అన్నాడు.

‘ఏందయ్యా, నడుం పట్టుకుని మూలిగేది నువ్వు గాదా? మళ్లీ మోతకి పోతావా?’ అంది మా అమ్మ.

‘రెండేళ్లు మోత్తే చాల్లే. మోసినోణ్ణే గదా’ అన్నాడు.

నేను సెలవులకి వచ్చినప్పుడు మిల్లుకి వెళ్లి చూశాను. ముఠా వాళ్లంతా అయ్యని చూసి ఈలలేశారు. ‘పెద్దోడు మళ్లొచ్చాడ్రోయ్’ అన్నారు. అయ్య నవ్వాడు. మొదటి బస్తా ఎత్తి చెక్క మీద నడుస్తుంటే కాళ్లు వణికాయి, అయినా ఆ నవ్వు పోలేదు. నిజంగానే సంతోషించాడు. మిల్లు ఓనరు వచ్చి భుజం తట్టాడు. ‘నువ్వు సింహానివిరా’ అన్నాడు. వారం తిరిగాక కుర్రోళ్ల కన్నా బస్తాకి తక్కువ కట్టించాడు. ముసలోడివి గదా, నిదానంగా మోస్తన్నావు గదా అని లెక్క.

దాన్ని ఎవరూ కంబ్యాక్ అనలేదు. కానీ కంబ్యాక్ అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. అందులో అవసరం ఉంటుంది. గర్వం కూడా ఉంటుంది. అవసరం లేకపోతే మా అయ్య వెళ్లడు. గర్వం లేకపోతే చెక్క ఎక్కలేడు. రెండూ అతనివే, రెండూ నిజమే. అబద్ధం ఆడింది ఆ గర్వానికి ‘సింహం’ అని పేరు పెట్టి కూలి తగ్గించినవాడు. పొగడ్త కూడా ఒక చెల్లింపే. డబ్బు ఇవ్వాల్సిన చోట ఇచ్చే చెల్లింపు.

ఇప్పుడు అలీ దగ్గరికి వస్తాను. పై మెట్టు మీద ఏం జరిగిందో చూడండి. 1971 మార్చి 8న ఫ్రేజియర్‌తో పోటీకి ఇద్దరికీ చెరి 25 లక్షల డాలర్లు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఫోర్‌మన్‌తో పోటీకి చెరి 50 లక్షలు. అది జైర్ దేశపు నియంత మొబుటు ప్రభుత్వం సొమ్ము, అంటే ఆ దేశపు పేదల సొమ్ము. 1975లో మనీలా, అక్కడ మార్కోస్. నియంతలకి ప్రపంచం ముందు మంచి మొహం కావాలి. నల్లవాడి చెమటలో ఆ మొహాలు కడుక్కున్నారు. 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ అయ్యాక అలీ డాక్టర్ ఫెర్డీ పచేకో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ఉత్తరాలు రాశాడు. ఎవరూ జవాబివ్వకపోతే ఉద్యోగం మానుకుని పోయాడు. 1979లో అలీ విరమించాడు. 1980లో తిరిగొచ్చాడు.

ప్రత్యర్థి లారీ హోమ్స్. ఒకప్పుడు అలీకి సాధనలో తోడుగా నిలబడి దెబ్బలు తిన్న కుర్రాడు. పోటీకి ముందు పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించారు. ఒంటికాలి మీద సరిగా గెంతలేకపోతున్నాడని, వేలు ముక్కుకి గురిగా చేరడం లేదని రాశారు. అయినా నెవాడా లైసెన్సు ఇచ్చింది. ఇవ్వకపోతే ఆ రాత్రి వ్యాపారం పోతుంది. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో అలీ పది రౌండ్లు నిలబడి తిన్నాడు. హోమ్స్ కొట్టలేక కొట్టాడు. ఆపమన్నట్టు రెఫరీ వైపు చూశాడు. పదకొండో రౌండుకి పంపకుండా అలీ గురువు ఏంజెలో డండీ ఆపాడు. ఆపినవాడు ఒక్కడున్నాడని నాకు ఊరట. ఒప్పందం 80 లక్షల డాలర్లు. ప్రమోటర్ డాన్ కింగ్ దాంట్లో పది లక్షలకి పైగా తక్కువిచ్చాడు. అలీ కోర్టుకెక్కాడు. చివరికి 50,000 నగదు పెట్టెలో పంపి రాజీ చేయించుకున్నారు. డాన్ కింగ్ కూడా నల్లవాడే. ఇది మనం దాచుకోకూడని మాట. మన మేస్త్రి కూడా మన పల్లెవాడే కదా.

అంతటితో ఆగలేదు. 1981 డిసెంబరు 11న బహమాస్ దీవుల్లో ట్రెవర్ బెర్బిక్‌తో ఇంకో పోటీ. రౌండుకి కొట్టే గంట కూడా దొరక్క ఆవు మెడ గంట వాడారు. అలీ ఓడాడు. 1984లో పార్కిన్సన్స్ వ్యాధి అని తేల్చారు. ముప్పై రెండేళ్లు ఆ వణుకుతో బతికి 2016 జూన్ 3న పోయాడు.

‘ఎవరు బలవంతం చేశారు? చదువుకున్న మనిషి, డబ్బున్న మనిషి, తనే కదా సంతకం పెట్టాడు’ అంటారు. నిజమే, పెట్టాడు. మా అయ్య కూడా తన కాళ్లతోనే మిల్లుకి పోయాడు. ఇష్టం అనే మాటకి రెండు తలుపులుండాలి. లోపలికి పోయే తలుపొకటి, బయటికొచ్చే తలుపొకటి. లోపలికి పోయే తలుపు ఒక్కటే తెరిచి పెట్టి, ‘వాడే వచ్చాడు’ అనడం న్యాయం కాదు. పన్నెండేళ్ల పిల్లాడి చేతికి గ్లవ్స్ తొడిగి, నువ్వు దీనికే పుట్టావని ముప్పై ఏళ్లు చెప్పి, ఆ తర్వాత గ్లవ్స్ విప్పి నువ్వెవరో నువ్వే తేల్చుకో అంటే వాడెక్కడికి పోతాడు? తెలిసిన చోటికే పోతాడు. పకియావ్‌ని చూడండి. సెనేటర్ అయ్యాడు, డబ్బుంది, 2021లో విరమించాడు. 2025 జులైలో నలభై ఆరేళ్ల వయసులో లాస్ వేగాస్‌లో మళ్లీ టైటిల్ కోసం ఆడాడు. డ్రా అయింది. కడుపు నిండినా పాత ఆకలి ఒంట్లోంచి పోదు.

ఒకప్పుడు ఒక విద్యార్థి సంఘం చర్చలో ఒక మిత్రుడు లేచి, ‘అయితే బాక్సింగునే నిషేధించాలి’ అన్నాడు. నిషేధించిన దేశాలున్నాయి. స్వీడన్ 1970లో, నార్వే 1981లో డబ్బు బాక్సింగుని ఆపేశాయి. మళ్లీ తెరిచాయి. 1982లో లాస్ వేగాస్‌లో కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ పద్నాలుగో రౌండులో పడి, కొద్దిరోజులకి చచ్చిపోయాడు. కొన్ని నెలలకి వాళ్లమ్మ ప్రాణం తీసుకుంది. తర్వాత పదిహేను రౌండ్ల పోటీ పన్నెండుకి తగ్గింది. తగ్గించడం మంచిదే. కానీ నిషేధం దగ్గర నాకొక అనుమానం. మన దేశంలో పాకీపనిని 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టంతో నిషేధించారు. మ్యాన్‌హోల్లో ఊపిరాడక చచ్చేవాడు ఇంకా చస్తూనే ఉన్నాడు. పని తీసేసి భూమి ఇవ్వకపోతే, ఆ పని చీకట్లోకి పోతుంది. రేటు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ప్రశ్న నిషేధం గురించి కాదు, వేరే తలుపు గురించి.

ఆ తలుపు ఉంటే ఏమవుతుందో జార్జి ఫోర్‌మన్ చూపించాడు. కిన్షాసాలో అలీ చేతిలో పడిపోయినవాడు. 1977లో మానేసి పాస్టరయ్యాడు. 1987లో, పిల్లల కోసం తను పెట్టిన కేంద్రానికి డబ్బుల్లేక తిరిగొచ్చాడు. అందరూ నవ్వారు. 1994 నవంబరు 5న, నలభై అయిదేళ్ల వయసులో, కిన్షాసాలో తొడిగిన ఎర్ర నిక్కరే తొడుక్కుని మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టాడు. లోకంలో అందరికీ తెలిసిన కంబ్యాక్ ఇది. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతి సంగతి. 1997లో ఒక పోటీ ఓడాక మానేశాడు, మళ్లీ ఎక్కలేదు. ఎందుకు మానగలిగాడు? మాంసం కాల్చుకునే పొయ్యికి తన పేరిచ్చాడు. 1999లో ఆ పేరు హక్కు 13 కోట్ల 75 లక్షల డాలర్లకి అమ్మాడు. బాక్సర్‌ని రింగునుంచి బయటికి తెచ్చింది పిడికిలి కాదు, పొయ్యి. 2025 మార్చిలో పోయాడు, రింగుకి ఏ బాకీ లేకుండా.

ఫ్లాయిడ్ మేవెదర్ది ఇంకో దారి. 2006లో ప్రమోటర్‌కి 7,50,000 డాలర్లు తనే ఎదురిచ్చి ఒప్పందంలోంచి బయటపడ్డాడు. తన పోటీకి తనే యజమాని అయ్యాడు. 2015 మే 2న పకియావ్‌తో ఆడితే ఒక్క అమెరికాలోనే 46 లక్షల సార్లు డబ్బు కట్టి టీవీలో చూశారు. పనిముట్టు తన చేతిలో ఉన్నవాడు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు మానాలో తనే చెప్పాడు. అతన్ని ఆదర్శం అనడం లేదు. ఆడమనిషిని కొట్టి 2012లో జైలుకి పోయి వచ్చినవాడు. యాజమాన్యం గురించి మాత్రమే చెబుతున్నాను. అదే రాత్రి అదే రింగులో మొదటి పోటీలు ఆడిన కుర్రాళ్ల కూలి ఎంతో ఎవరికీ గుర్తుండదు. అమెరికా బాక్సర్లందరికీ కలిపి ఒక సంఘం లేదు, పింఛను లేదు. కాలిఫోర్నియా లాంటి చోట మాత్రం చిన్న నిధి ఉంది. 2000లో అలీ పేరు మీద ఒక చట్టం చేశారు. ప్రమోటర్ తనకెంత వస్తుందో బాక్సర్‌కి చెప్పాలన్నారు. నూరేళ్ల వ్యాపారంలో లెక్క చెప్పమనడానికే చట్టం కావాల్సొచ్చింది.

ఇక టైసన్. ఇక్కడ మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. 1986లో ఇరవై ఏళ్లకే ఛాంపియన్. 1992లో పద్దెనిమిదేళ్ల నల్లపిల్ల మీద అత్యాచారం చేశాడని కోర్టు తేల్చి జైలుకి పంపింది. 1995లో బయటికొచ్చాడు. హార్లెంలో స్వాగత ఉత్సవం తలపెట్టారు. మనవాణ్ణి తెల్లకోర్టు జైల్లో పెట్టింది కదా అన్నారు. దాన్ని వద్దన్నది నల్లజాతి ఆడవాళ్లే. ఆ పిల్ల మనపిల్ల కాదా అని అడిగారు. నాకు ఈ కంబ్యాక్‌లన్నిటిలో గొప్పగా తోచింది ఆ అడగడమే. జాతి పిడికిలి అని పేరుపెట్టి ఒకణ్ణి మోసుకు తిరిగేటప్పుడు, ఆ పిడికిలి ఎవరి మీద పడుతుందో చూడమన్నారు. మన పల్లెల్లో, మన సంఘాల్లో ఆ మాట మన అక్కలు ఎన్నిసార్లన్నారో, మనం ఎన్నిసార్లు ‘ఇప్పుడు కాదు’ అన్నామో గుర్తుచేసుకోండి.

ఆ ఆగస్టులో టైసన్ రింగెక్కాడు. 89 సెకన్లలో పోటీ ముగిసింది. మొత్తం మీద 30 కోట్ల డాలర్లకి పైగా సంపాదించాడంటారు. 2003లో దివాలా తీశాడు. 2024 నవంబరు 15న, యాభై ఎనిమిదేళ్ల వయసులో, టెక్సాస్‌లో ఇరవై ఏడేళ్ల జేక్ పాల్ ముందు నిలబడ్డాడు. అతను వీడియోల్లో పేరు తెచ్చుకుని బాక్సింగుకి వచ్చిన కుర్రాడు. రౌండుకి రెండు నిమిషాల లెక్కన ఎనిమిది రౌండ్లు. టైసన్ ఓడాడు. ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని చూసింది. 1910లో తెల్లవాళ్లు జెఫ్రీస్‌ని పొలం నుంచి పట్టుకొచ్చారు. ఇప్పుడు ఎవరూ పట్టుకురానక్కర్లేదు. ముసలి సింహాన్ని చూడ్డానికి రేటుంది. అంతే.

కాబట్టి నా తీర్పు ఇది. శరీరం అమ్ముకోవడం పాపం కాదు. మన తాతముత్తాతలు అమ్ముకునే బతికారు, చాలాసార్లు ధర లేకుండానే లాక్కున్నారు. తిరిగి రావడం సిగ్గూ కాదు. మనిషి స్వేచ్ఛని కొలవాల్సింది ఎంత గట్టిగా కొట్టగలడనే దాంతో కాదు, పస్తుండకుండా, పరువు పోకుండా ఆగగలడా లేదా అనే దాంతో. ఆ కొలతకి లూయీ స్వేచ్ఛాపరుడు కాదు. 1967లో అలీ స్వేచ్ఛాపరుడు, 1980లో కాదు. ఒక్క మనిషే, రెండు కాలాలు. 1967లో అతని వెనక ఒక ఉద్యమం ఉంది. 1980లో ఉన్నది గుంపు. ఉద్యమం ‘వద్దు’ అనడానికి బలమిస్తుంది. గుంపు ‘ఇంకోసారి’ అంటుంది.

మనం ఏది? మన పాటగాణ్ణి గొంతు పోయిందాకా పాడిస్తాం. మన నాయకుణ్ణి కేసుల మీద కేసులు పడి ఇల్లు గడవకపోయినా, ఇంకో సభకి రమ్మంటాం. రాకపోతే అమ్ముడుపోయాడంటాం. మిల్లు ఓనరు మా అయ్యని అన్న మాటే, ‘సింహానివి’ అనే మాటే, మనమూ వాడతాం. ఈ మాట చెప్పేది ఉద్యమం చల్లబడాలని కాదు. పిడికిలి ఎత్తమని ఒకణ్ణి అడిగేముందు, వాడు దాన్ని దించుకున్న రోజున కూర్చోవడానికి చోటుందా, తినడానికి ముద్దుందా, వాడి బదులు నిలబడే రెండోవాడున్నాడా అని లెక్క వేసుకోమంటున్నాను. అది దయ కాదు. సంఘం పెట్టుకున్నవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని.